అడిగింది మిల్లు పేరు, పంపింది కూపను

విశాఖపట్నం

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: మీరు మూడుసార్లు "పరిష్కరించాం" అని మూసేసిన నా ఫిర్యాదు

అయ్యా / అమ్మా,

ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి రెండూ రాశాను. నాకొచ్చే మెయిళ్లన్నిటి కింద "టీమ్" అనే ఉంటుంది. ఆ టీమ్ అనే ఆయన ఎవరో గానీ చాలా మర్యాదస్తుడు, చెవులు మాత్రం లేవు.

ముందు టీషర్టు సంగతి తేల్చేస్తాను. మావారికని మీ దగ్గర కొన్న మూడింటిలో ఒకదానికి రెండో ఉతుక్కే భుజం దగ్గర కుట్టు విడిపోయింది. నేను ఇరవై రెండేళ్లుగా లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. ఐదు నిమిషాల్లో నేనే కుట్టుకున్నాను. ఆ గొడవ అక్కడితో సరి.

నేను అడిగింది వేరు. ఆ టీషర్టు నూలు ఏ మిల్లులో వడికారు?

నిజానికి ఈ ప్రశ్న నాకు తట్టింది కాదు. మా షాపులో కాజాలు తీస్తూ, హుక్కులు కుట్టే పిల్ల ఒకతి ఉంది, రాయగడ వైపు నుంచి వచ్చింది. నేను భుజం కుడుతుంటే ఆ గుడ్డ అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, "ముప్పయ్యో నంబరు నూలమ్మా, కోంబ్డ్" అంది, అంటే పొట్టి పోగులు దువ్వి తీసేసిన సన్న నూలు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న నేను అంత కచ్చితంగా చెప్పలేను. నీకెలా తెలుసే అంటే, దిండిగల్ దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో రెండేళ్ల నాలుగు నెలలు తెగిన పోగులు అతికానని చెప్పింది. పదహారేళ్లకే పద్దెనిమిదని రాయించి ఏజెంటు తీసుకెళ్లాడట. మూడేళ్లు చేస్తే పెళ్లి ఖర్చుకి ఒకేసారి యాభై వేలు ఇస్తామన్నారు. తమిళనాడులో దీన్నే సుమంగళి పథకం అంటూ వచ్చారు, పేరు మాత్రం ముత్తైదువలా ఎంత ముచ్చటగా ఉందో చూడండి. హాస్టల్ గేటు దాటనివ్వరు. ఆధార్ కార్డు వార్డెన్ దగ్గర. ఆదివారం పది నిమిషాలు ఫోను, అదీ వార్డెన్ పక్కన నిలబడి వింటుంటే. తండ్రికి జబ్బు చేస్తే ఏడ్చి గోలపెట్టి ఇంటికొచ్చింది. గడువు నిండకుండా మానేసింది కాబట్టి యాభై వేలలో ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. దగ్గు మాత్రం ఇచ్చి పంపారు.

ఇదంతా చెప్పి ఆ పిల్ల టీషర్టు మెడ దగ్గర మీ లేబుల్ చూసి, "ఇది ఎక్కడ వడికారమ్మా?" అంది. ప్యాకెట్ మీద మీరే ఆకు బొమ్మ వేసి "బాధ్యతతో తయారైనది" అని అచ్చేసుకున్నారు కదా, అడిగితే చెప్తారులే అన్నాను. అంత నమ్మకంగా అన్నందుకు మూడు నెలలుగా దాని ముందు సిగ్గుపడుతున్నాను.

జూన్ 9న మీ చాట్‌లో మొదలుపెట్టాను. నవ్వు మొహం బొమ్మ ఒకటి నాలుగు బటన్లు చూపించింది: ఆర్డర్, రిటర్న్, సైజ్, ఇతరములు. ఇతరములు నొక్కితే మళ్లీ అవే నాలుగు. ఫోన్ చేశాను. మొదటి అబ్బాయి నేను చెప్పేది సగం కూడా వినకుండా "సైజ్ ప్రాబ్లమా మేడమ్?" అన్నాడు. రెండోసారి ఒకమ్మాయి ఎత్తింది. "ఏ మిల్లో చెప్పమ్మా" అన్నాను. "బిల్లు నంబరు చెప్పండి మేడమ్" అంది. బిల్లు కాదు తల్లీ, మిల్లు, మి, మి అన్నాను. "ఓకే మేడమ్, బిల్లు పోయిందా?" అంది. ఆ అమ్మాయిని ఏమీ అనను, ఎనిమిది గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరి చెవులైనా అంతే. సూపర్‌వైజర్‌కి ఇస్తానని ఇరవై రెండు నిమిషాలు పాట వినిపించి కట్ చేసింది. పది నిమిషాల్లో మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

షోరూమ్‌కి వెళ్లాను. మేనేజర్ కుర్రాడు మంచివాడు, కుర్చీ వేసి నీళ్లు ఇచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆంటీ, బాక్స్ వస్తుంది, సర్దుతాం. అంతకుమించి మాకూ ఏమీ చెప్పరు" అన్నాడు. మీ కంపెనీ మొత్తం మీద నాకు దొరికిన నిజమైన జవాబు అదొక్కటే. అతన్ని ఏమైనా చేశారో, ఈ ఉత్తరం రెండోసారి వేరే చోటికి వెళ్తుంది.

తర్వాత గ్రీవెన్స్ ఆఫీసర్. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి అని లా చదివే మా అమ్మాయి చెప్పింది. 48 గంటల ముక్క మీరు తు.చ. తప్పకుండా పాటించారు. నెల దాటాక ఇంగ్లీషులో నలభై పేజీల ఫైలు పంపారు, ఆధునిక బానిసత్వంపై ప్రకటన అట. మా అమ్మాయి చదివి అర్థం చెప్పింది. బ్రిటన్‌లో 2015లో ఒక చట్టం వచ్చిందట. అక్కడ వ్యాపారం చేస్తూ ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ఏటా ఇలాంటి ప్రకటన ఇవ్వాలి. "మేము ఏ చర్యా తీసుకోలేదు" అని రాసినా ఆ చట్టానికి సరిపోతుందట! మీరు అలా రాయలేదులెండి. నలభై పేజీలు రాసి అదే చెప్పారు. చివర్లో ఫ్యాక్టరీల జాబితా ఉంది, అవన్నీ కుట్టేవి. వడికేవాళ్ల పేరు ఒక్కటీ లేదు. కుట్టినవాళ్లు నూలెక్కడ తెచ్చారో మీకెందుకు పట్టాలి అనుకున్నారు కాబోలు.

అందరికంటే ఘనుడు ఎస్కలేషన్ డెస్క్ ఆయన. "మేడమ్, ఫోర్స్డ్ లేబర్ అనేది చైనాలో షిన్‌జియాంగ్ సమస్య. మేము ఆ పత్తి వాడం, మా దగ్గర పేపర్లున్నాయి" అన్నాడు, గెలిచినట్టు. బాబూ, ఆ పేపర్లు మీ దగ్గర ఎందుకున్నాయో నేను చెప్తాను. 2022 జూన్ 21 నుంచి అమెరికాలో చట్టం అమలవుతోంది, షిన్‌జియాంగ్ సంబంధం ఉన్న సరుకైతే వెట్టితో చేసిందనే లెక్క, కాదని తెచ్చినవాడే రుజువు చూపాలి. చూపకపోతే కంటైనర్ రేవు దాటదు. అంటే అడిగేవాడు అమెరికా కస్టమ్స్ అయితే మీరు పత్తి చేను దాకా వెనక్కి వెళ్లి కాగితాలు తేగలరు. అడిగింది విశాఖలో ఒక టైలరమ్మ అయితే "ఆ సమాచారం మా సిస్టమ్‌లో లేదు". నా ఒళ్లు మండింది ఇక్కడే. తెలియక చెప్పకపోవడం వేరు, నాకు చెప్పక్కర్లేదనుకోవడం వేరు.

మన దేశంలో లేదంటారా? వెట్టి అనే మాట తెలుగువాళ్లు ఇంకో భాష నుంచి నేర్చుకోనక్కర్లేదు. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టే అంది. గొలుసులూ కొరడాలూ ఉంటేనే వెట్టి అనుకుంటున్నట్టున్నారు మీరు. గేటుకి తాళం, చేతికి అందని జీతం చాలు.

బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలిన రోజు, 2013 ఏప్రిల్ 24, నేను మిషన్ ఆపేసి టీవీ ముందు కూర్చున్నాను. ముందురోజే గోడలు బీటలు వారితే కింద ఉన్న బ్యాంకు వాళ్లు మూసుకుని వెళ్లిపోయారు. కుట్టుపనివాళ్లను మాత్రం జీతం కోస్తామని బెదిరించి మర్నాడు పైకి ఎక్కించారు. 1,134 మంది పోయారు. అప్పుడు కూడా కొన్ని కంపెనీలు అక్కడ మా సరుకు కుట్టించలేదన్నాయి, శిథిలాల్లో వాళ్ల లేబుళ్లు ఏరి చూపించేదాకా. మీ లేబుల్ నా కత్తెర పక్కనే ఉంది, ఏరాల్సిన పనిలేదు.

2004 నుంచి మా ఇంట్లో మగవాళ్ల బట్టలు, పిల్లల స్కూలు బూట్లు మీ దగ్గరే. ప్రతి జూన్‌లో బూట్లు, ప్రతి సంక్రాంతికి చొక్కాలు. నా పుట్టినరోజుకి ఠంచనుగా మెసేజ్ పెడతారు. నా ఫోన్ నంబరు, మావారి నడుం కొలత మీ దగ్గర భద్రంగా ఉన్నాయి.

మీ నూలు ఆ పిల్ల పనిచేసిన మిల్లుదే అని నేను అనడం లేదు. కాదని చెప్పండి, పేరుతో సహా. అక్కడి ఆడపిల్లలు సాయంత్రం గేటు దాటి బయటికి వెళ్లొచ్చో లేదో, మధ్యలో మానేస్తే చేసిన రోజుల జీతం ఇస్తారో లేదో అదీ రాయండి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ ఆకు బొమ్మ తప్పుదోవ పట్టించే ప్రకటన అని వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నా షాపుకి రోజూ ఇరవై, ముప్పై మంది ఆడవాళ్లు వస్తారు, కొలతలిచ్చేంతసేపు కబుర్లే. ఏ కబురు చెప్పాలో నాకు తెలుసు.

మీరు పంపిన 500 రూపాయల కూపను ప్రింటు తీసి దీనికి జతచేశాను. 2,999కి కొంటేనే చెల్లుతుందట, పైగా 30 రోజుల గడువు. ఆ గడువూ దాటిపోయింది.

ఇట్లు,
మీ "ప్రివిలేజ్" కస్టమర్

తా.క.: ఫోన్ చేసేట్టయితే మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, ఆ పిల్ల కూడా ఉంటుంది. హిందీ దానికి అంతగా రాదు. తెలుగైనా ఒడియా అయినా పర్వాలేదు. తమిళమైతే ఇంకా మంచిది, ఆ రెండేళ్ల నాలుగు నెలల్లో అదొక్కటి బాగా వచ్చింది దానికి.