వాదన రాయమంటే వ్యాసం రాస్తున్నారు

సంపాదకులు గారికి,

పరీక్షల రోజుల్లో పత్రికల విద్యార్థి పేజీల నిండా ఇంగ్లీషు గ్రామరు బిట్లు, మోడల్ లెటర్లు వస్తుంటాయి. వాటి అవసరం ఉంది, కాదనం. కానీ ఒక విషయాన్ని అవతలివారు ఒప్పుకునేలా వాదించి రాయమన్న ప్రశ్న దగ్గర మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు తడబడుతున్నారు. ఉపన్యాసం రాయమన్నా, పత్రికకు లేఖ రాయమన్నా, డిబేట్‌లో మాట్లాడేది రాయమన్నా లోపల చేయాల్సిన పని ఇదే.

బడికి సెల్‌ఫోను తేనివ్వాలా వద్దా అని అడిగితే పిల్లలు ఫోను లాభాలు ఐదు, నష్టాలు ఐదు రాసి ‘ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్’ అని ముగిస్తున్నారు. తేనివ్వాలంటున్నారో, వద్దంటున్నారో చివరిదాకా తేలదు. ఇందులో పిల్లల్ని తప్పుపట్టడానికి లేదు. గైడులోని వ్యాసాన్ని బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తే వచ్చే ఫలితమే ఇది. ప్రశ్న కాస్త మారితే ఆ వ్యాసం ఎందుకూ కొరగాదు.

ముందుగా ప్రశ్నలో మూడు చోట్ల గీత గీయించాలి: ఎవరికి రాయాలి, ఏ రూపంలో రాయాలి, వాళ్లతో ఏం చేయించాలి. హెడ్మాస్టరు గారికి రాసేటప్పుడు ‘యూ మస్ట్’ అంటే పెడసరంగా ఉంటుంది, ‘వియ్ రిక్వెస్ట్ యూ టు’ అనాలి. తోటి పిల్లల ముందు ఉపన్యాసమైతే ‘లెట్ అజ్’ బాగా నప్పుతుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఇచ్చే 3 గంటల 15 నిమిషాల్లో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఎటువైపు వాదించాలో అప్పుడే తేల్చుకోవచ్చు.

జవాబుకు అరగంట దొరికితే మొదటి 5 నిమిషాలు చిత్తు పనికి, 20 రాయడానికి, చివరి 5 దిద్దుకోవడానికి. చిత్తులో తన పక్షం ఒక్క వాక్యంలో రాసుకుని, కింద తోచిన కారణాలన్నీ పెట్టుకోవాలి. వాటిలో కళ్లతో చూసిన రుజువు ఉన్న రెండింటిని ఉంచి మిగతావి కొట్టేయాలి. కొట్టేయడానికే పిల్లలు జంకుతారు. ఎన్ని పాయింట్లుంటే అన్ని మార్కులని ఎవరో చెప్పి ఉంటారు. ఆరు కారణాలను తలా ఒక వాక్యంలో పేర్చితే అది జాబితా అవుతుంది, ఎవరినీ ఒప్పించదు. రెండింటిలో బలమైనదాన్ని ముందు పెట్టమంటాం. టైము చాలకపోయినా అది కాగితం మీదికి వచ్చేసి ఉంటుంది.

200 మాటల జవాబులో మొదలుకు 30, రెండు కారణాలకు 50 చొప్పున 100, ఎదుటి అభ్యంతరానికీ దానికి సమాధానానికీ 45, చివరి కోరికకు 25 అనుకుంటే సరిపోతుంది.

కారణం రాసే పేరా దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతోంది. బడి లైబ్రరీ సాయంత్రం ఒక గంట తెరిచి ఉంచమని రాయాలనుకుందాం. మామూలుగా వచ్చేది ఇది: ‘లైబ్రరీ ఈజ్ వెరీ ఇంపార్టెంట్. బుక్స్ ఆర్ అవర్ బెస్ట్ ఫ్రెండ్స్.’ ఇది ఏ బడికైనా అతుకుతుంది కాబట్టి ఏ బడినీ కదిలించదు. దీని బదులు ఇలా రాయించండి: ‘అవర్ లైబ్రరీ క్లోజెస్ ఎట్ ఫోర్, వెన్ ద లాస్ట్ బెల్ రింగ్స్. వియ్ ఆర్ ఇన్ క్లాస్ టిల్ ఫోర్. సో వియ్ కెనాట్ బారో ఎ బుక్ ఆన్ ఎ స్కూల్ డే.’ కష్టమైన మాట ఒక్కటీ లేదు. మొదటి రెండు వాక్యాలు జరుగుతున్నది చెప్పాయి, మూడోది దానివల్ల వచ్చిన నష్టం చెప్పింది. ఈ అల్లిక వస్తే ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా గట్టిగా వాదించగలరు.

రుజువు పేరుతో ‘నైంటీ పర్సెంట్ ఆఫ్ స్టూడెంట్స్’ అని లేని లెక్కలు రాయించే అలవాటు మానాలి. దిద్దేవారికి అది కల్పనని ఇట్టే తెలిసిపోతుంది. పైగా అబద్ధంతో గెలవొచ్చని మనమే నేర్పినట్టవుతుంది.

అభ్యంతరాల పేరాను చాలామంది అసలు రాయరు. రాస్తే తన వాదన బలహీనపడుతుందని భయం. నిజానికి ఆ పేరాతోనే చదివేవారికి నమ్మకం కుదురుతుంది. సాయంత్రం లైబ్రరీలో ఎవరుంటారని హెడ్మాస్టరు గారు తప్పక అడుగుతారు. ఆ మాట మనమే ముందు అనేసి, తొమ్మిదో తరగతి పిల్లలు వంతులవారీగా రిజిస్టరు రాస్తారని, పీఈటీ గారు ఆ వేళకు గ్రౌండులోనే ఉంటారని చెబితే అడ్డు తొలగిపోతుంది. ఇక్కడే ‘దో’తో మొదలైన వాక్యం మధ్యలో ‘బట్’ వచ్చి చేరుతుంది. రెండింటిలో ఒకటి చాలు. ఎదురు చెప్పాల్సిన చోట ‘మోరోవర్’ వాడేవారూ ఎక్కువే. అక్కడ ‘హౌఎవర్’ రావాలి.

తెలుగు కాంపోజిషన్‌పై వేసిన ఉపసంఘంలోని మెజారిటీ సభ్యుల అభిప్రాయంతో విభేదిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇంగ్లీషులో అసమ్మతి పత్రం రాసిచ్చిన గురజాడ అప్పారావు గారు ఈ విజయనగరంలోనే ఉండేవారు. ఇక్కడి పిల్లలకు వాదన రాయడం కొత్త విద్యేమీ కాదని ఉపాధ్యాయులు ధైర్యంగా చెప్పొచ్చు.

చివర ‘ఐ హోప్ యూ విల్ టేక్ యాక్షన్’ అని వదిలేయకుండా ఎవరు, ఏం, ఎప్పటినుంచి చేయాలో రాయాలి: వచ్చే సోమవారం నుంచి, నాలుగు నుంచి ఐదు దాకా. దిద్దుకునే 5 నిమిషాల్లో అన్నీ వెతకలేరు. క్రియ చివర ‘ఎస్’ పడిందా, ‘ఏ’, ‘ద’ జారిపోయాయా, ప్రతి పేరా తన పక్షానికే పనిచేస్తోందా చూసుకుంటే చాలు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. యూనిట్ పరీక్షల్లో మన ఊళ్ల ప్రశ్నలు ఇవ్వండి. పొందూరు ఖద్దరును వారానికి ఒకరోజు యూనిఫాంగా పెట్టాలా? వలస పక్షులుండే తేలినీలాపురంలో దీపావళి టపాసులు మానాలా? వీటికి గైడులో జవాబు దొరకదు, పిల్లలు ఆలోచించక తప్పదు. మీ పత్రిక కూడా వారానికి ఇలాంటి ప్రశ్న ఒకటి వేసి, ఒప్పుకునేవారి జవాబు ఒకటి, కాదనేవారి జవాబు ఒకటి పక్కపక్కన అచ్చువేయాలని కోరుతున్నాం. భాషాదోషాలు దిద్ది పంపే పని మేం చూసుకుంటాం.

– కొందరు ఇంగ్లీషు ఉపాధ్యాయులు,
రాజాం, విజయనగరం జిల్లా