తడి వేసవికి పొడి సలహాలు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మండవలసిన నెలల్లో ముసురు వదలని ఈ ఏడాది కూడా, పెరటి తోటలు పెంచుకునేవారికి పత్రికల్లో వస్తున్న సూచనలు ఏటా వేసవికి వచ్చేవే. రెండు పూటలా నీరు పెట్టడం, మొదళ్ల చుట్టూ ఎండుటాకులు మందంగా పరచడం, కుండీల కింద పళ్లేలు ఉంచడం మామూలు వేసవిలో మంచి పద్ధతులే గాని, ఈ వేసవిలో వాటిని అక్షరాలా పాటిస్తే మొక్క దక్కదు. క్యాలెండరును బట్టి కాక, కురుస్తున్న వానను బట్టి తోట సలహాలు ప్రచురించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది మొక్క వాడిపోవడం గురించి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో కొంత నీరు, కొంత గాలి ఉండాలి. వాన ఆగకుండా పడితే ఆ ఖాళీలన్నీ నీటితో నిండి వేర్లకు ప్రాణవాయువు అందదు. ఊపిరాడని వేరు నీటిని పైకి పంపలేదు కనుక, మొదట్లో నీళ్లు నిలిచి ఉన్నా ఆకులు వేలాడిపోతాయి. అది చూసి నీరు చాలలేదనుకుని మరో చెంబు పోసేవారు ఎందరో ఉన్నారు. పోసే ముందు వేలిని రెండు కణుపుల లోతున మట్టిలోకి దించి చూడాలి. మట్టి జిగటగా అంటుకుని మురుగు వాసన వేస్తుంటే అక్కడ కావలసింది నీరు బయటికి పోయే దారి. కుండీకైతే పళ్లెం తీసేసి, అడుగు రంధ్రాలు పూడుకుపోలేదని చూసి, రెండు ఇటుకల మీదికి ఎత్తితే సరిపోతుంది. (పళ్లెంలో నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయన్నది వేరే సంగతి.) నేల మీది మడికి చుట్టూ కాలువ తీసి, ఆ మట్టినే మొదళ్లకు ఎగదోయాలి, అయితే వాన తెరిపిచ్చి, పిడికిట్లో పట్టిన మట్టి ముద్ద కట్టకుండా రాలే వరకు ఆగాలి. బంకమట్టిని తడిగా ఉండగా తొక్కినా తవ్వినా ఆ తరువాత అది రాయిలా గట్టిపడుతుంది.

ముదురాకులు ముందుగా పసుపు పచ్చబడితే అది చాలావరకు నత్రజని కొరతే. నైట్రేట్ రూపంలోని నత్రజని మట్టి రేణువులను అంటిపెట్టుకోదు, వాననీటితో పాటు వేర్లకు అందనంత లోతుకు దిగిపోతుంది. నీరు నిలిచిన చోట సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. ఒక్కసారే గుప్పెడు ఎరువు వేస్తే అదీ అదే దారి పడుతుంది కనుక, నీరు తీసిన తరువాతే, కొద్దికొద్దిగా వేయాలి.

ఇక తెగుళ్లు. టమాటా కింది ఆకుల మీద వలయాలు వలయాలుగా గోధుమ రంగు మచ్చలు, దోస ఆకుల మీద ఈనెల మధ్య పలకలుగా పసుపు మచ్చలు, వాటి అడుగున బూజు కనిపిస్తున్నాయంటే, ఆ తెగుళ్లు సోకడానికి కావలసినంతసేపు ఆకు తడిగా ఉందని అర్థం. అందుకే మందు కంటే ముందు గాలి ఆడనివ్వాలి: కొమ్మలను కర్రకు కట్టాలి, నేలకు జానెడు ఎత్తు వరకు ఆకులు తీసేయాలి, తడిగా ఉన్నప్పుడు మొక్కను ముట్టుకోకూడదు. ఎండుటాకులు బొత్తిగా వద్దని నేను అనను. పలుచగా, కాండానికి తగలకుండా పరిస్తే చినుకులకు ఎగిరే మట్టి కింది ఆకులకు అంటదు.

మందు వాడక తప్పదనుకునేవారికి 1880లలో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో వాడుకలోకి వచ్చిన బోర్డో మిశ్రమం ఉంది. ఒక శాతం మిశ్రమానికి లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 10 గ్రాముల సున్నం. రెండింటినీ ఇనుము కాని పాత్రల్లో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోయాలి. శుభ్రమైన ఇనుప చాకును అందులో కాసేపు ముంచితే ఎర్రటి పూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట. ఇది తెగులు రాకుండా కాపాడుతుందే తప్ప వచ్చిన మచ్చను మాన్పదు, లేత మొక్కలకు ఘాటు కూడా. ఈ ముక్క చెప్పకుండా మందు పేరొక్కటే అచ్చువేయడం పాఠకుడికి మేలు చేయదని నా అభిప్రాయం.

పూత నిలవడం లేదన్న ఫిర్యాదుకు కారణం చాలాసార్లు తేనెటీగలు వానలో తిరగకపోవడమే. గుమ్మడి, దోసలకు ఉదయం పూట, సొర, బీరలకు అవి విచ్చే సాయంత్రం వేళ మగపువ్వు కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో రుద్దితే చాలు. టమాటా కాయలు వానకు పగులుతుంటే, రంగు తిరగడం మొదలవగానే కోసి ఇంట్లో ఉంచినా పండుతాయి.

వాతావరణ సూచన ఎలాగూ రోజూ ప్రచురిస్తున్నారు. రాబోయే వారంలో వాన ఉందో లేదో చూసి, దాని పక్కనే తోటకు నీరు పెట్టాలా తీయాలా, ఎరువు వేయాలా ఆపాలా అన్న రెండు వాక్యాలు చేర్చగలరని మనవి.

ఇట్లు,
ఒక పెరటి తోట పాఠకుడు