రాజోలిబండ ఎడమ కాలువ ఆయకట్టు రైతుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. 2024 జూన్ 1 నుంచి 2025 మే 31 వరకు, అంటే ఒక నీటి సంవత్సరం, జరిగిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాం.

ఈ ఏడు పెద్ద గండం ఆగస్టు 10 రాత్రి వచ్చింది. మన రాజోలిబండ ఆనకట్టకు ఎగువన, కర్ణాటకలో ఉన్న తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. పోయింది 33 గేట్లలో ఒక్కటే. కానీ దాన్ని మూయడానికి మట్టం దించాలి కాబట్టి మిగతా గేట్లూ ఎత్తి నీళ్లు వదలక తప్పలేదు. 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున్న స్టాప్‌లాగ్ పలకలు ఐదింటిని ఒకదానిమీద ఒకటి దించి వారంలో ఆ ఖాళీ మూశారు. నీళ్లు పారుతుండగానే ఆ పని చేసిన ఇంజనీర్లకు, కార్మికులకు చేతులెత్తి దండం పెడుతున్నాం. తర్వాత వరద వచ్చి డ్యాం మళ్లీ నిండబట్టి సరిపోయింది. డ్యాం నుంచి మనకు రావలసింది 6.51 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లభ్యత తగ్గిన ఏడు అన్ని వాటాలతో పాటు అదీ తగ్గుతుంది.

కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ రాజోలిబండ పథకానికి ఇచ్చిన 17.1 టీఎంసీల్లో కర్ణాటకకు 1.2, తెలంగాణ వైపున్న మనకు 15.9. డ్యాం నుంచి వచ్చే 6.51 ఇందులోదే, మిగతాది నదిలో పారే నీరు. 87,500 ఎకరాలకు పంచితే ఎకరాకు నాలుగడుగుల పైచిలుకు నీరు. ఆ నీళ్లు మన పొలాల దాకా వస్తే కదా! 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 42.6 కిలోమీటర్లు కర్ణాటకలోనే ఉంది. అక్కడి తూములు, పూడిక, గండ్లు ఏవీ మన చేతిలో లేవు. మనం నిలబడి లెక్క అడగగలిగిన చోటు సరిహద్దు గేజి (నీటి మట్టం చూపే పలక) ఒక్కటే.

నదిలో ప్రవాహం పడిపోయాక ఇండెంటే, అంటే ఇన్ని నీళ్లు వదలమని రాసి అడగడమే, గతి. నీటిపారుదల శాఖ రాసిన ఇండెంట్ మీద, డ్యాంను నడిపే తుంగభద్ర బోర్డు నదిలోకి నీళ్లు వదులుతుంది. ఎండిన ఇసుక ముందు తాగుతుంది, ఆపైన ఒడ్డు మోటార్లు తాగుతాయి. అందుకే చిన్న ఇండెంట్ దారిలోనే ఇంకిపోతుంది. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కోసం ఆంధ్రప్రదేశ్ పెట్టే ఇండెంట్, మన ఇండెంట్ ఒకే రోజుల్లో పడితే ఇద్దరికీ నష్టం తగ్గుతుందని ఈ ఏడూ వినతిపత్రం ఇచ్చాం. సభ్యులు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, వెయ్యి క్యూసెక్కులు పది రోజులు వదిలితే 0.864 టీఎంసీ. ఎన్ని క్యూసెక్కులని మాత్రమే అడిగి ఊరుకోకండి, ఎన్ని రోజులో కూడా అడగండి.

సంఘం గర్వంగా చెప్పుకునే పని జనవరిలో కాలువ గట్టు మీద జరిపిన నీటి కొలత శిక్షణ. తిన్నగా ఉన్న చోట 30 మీటర్లు తాడుతో కొలిచి రెండు కొసలా గూటాలు దిగ్గొట్టారు. సగం నీళ్లు నింపి మూత బిగించిన సీసాను నడిమధ్యలో వదిలారు. మూడుసార్లు వదిలి సగటు తీయాలి. సీసాకు 75 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగున వేగం తక్కువ కాబట్టి దాన్ని 0.85తో గుణిస్తే 0.34. కాలువ వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు మీటరు ఉంటే సెకనుకు 2.04 ఘనపు మీటర్లు, అంటే 72 క్యూసెక్కులు. గేజి పలక ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. దిగువన తుంగ, గుర్రపుడెక్క అల్లుకుంటే నీళ్లు ఎగదన్ని మట్టం ఎక్కువ చూపిస్తుంది, పారేది మాత్రం తక్కువ. అడుగున పూడిక పడినా అంతే.

ఆ రోజు నీటి కొలత వంతు రాయించుకున్నవాళ్లలో సగం మంది మళ్లీ గట్టు ఎక్కలేదు. రిజిస్టర్‌లో ఖాళీ పడిన రోజులకు మనం ఏ ఆఫీసులోనూ వాదించలేం. పిలిచిన అధికారి ఒకరు రెండు సమావేశాలకూ వస్తానని రాలేదు. ఈ మాట బాధతోనే రాస్తున్నాం.

నది నుంచి మన కాలువలోకి నీళ్లు తోడే తుమ్మిళ్ల ఎత్తిపోతల మోటార్లు తిరిగిన రోజుల్లో చివరి తూములకు ఊపిరి వచ్చింది. రెండో దశ జలాశయాలు కట్టకపోతే మోటారు ఆగిన మర్నాడే కాలువ ఎండుతుంది. రాజోలిబండ ఆనకట్ట ఆధునికీకరణ మీద చెప్పుకోదగ్గ కదలిక లేదు.

రాత్రి కాపలా కాసిన లస్కర్లకు, పూడిక తీతకు ట్రాక్టర్లు ఇచ్చిన అయిజ, వడ్డేపల్లి రైతులకు, శిక్షణ నాడు అన్నం వండి పెట్టిన అక్కలకు, తాడు, టేపు, గూటాలు సమకూర్చిన తమ్ముళ్లకు, మా వినతులు ఓపిగ్గా చదివిన ఇంజనీర్లకు కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక చివరి పుటలో ఉంది, కార్యవర్గం ఆమోదించింది. చందా బాకీ ఉన్నవారు కోశాధికారికి కట్టగలరు.

కొత్త వంతుల పట్టిక సమావేశం రోజే రాస్తాం. వచ్చేటప్పుడు తూము నంబరు, ఫోన్ నంబరు చీటీ మీద రాసుకొని రండి.

— కార్యదర్శి