ఒక్క ఫిర్యాదూ రాని కాలేజీల గురించి కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి ఒక విద్యార్థిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నాన్న ఆటో నడుపుతారు, అమ్మ పత్తి చేలకు కూలికి వెళ్తుంది. మాదిగ కుటుంబం. ఇంటర్ దాకా సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాను. ఇవన్నీ ముందే ఎందుకు చెప్తున్నానంటే, డిగ్రీలో చేరినప్పటి నుంచి ఎవరో ఒకరు ఈ వివరాలు నా దగ్గర కూపీ లాగుతూనే ఉన్నారు, ఈసారి ఎవరూ అడక్కుండా నేనే నా ఇష్టంతో చెప్పుకుంటున్నాను.

మీకు రాయడానికి కారణం ఒక్కటే. "మా దగ్గర వివక్ష మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు" అని రాసి పంపే కాలేజీని పై నుంచి ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. ఆ సున్నా చూసి అంతా బాగుందని ఫైలు మూసేస్తారు. ఆ సున్నా ఎలా పుడుతుందో లోపల ఉన్నవాళ్ళం మాకు తెలుసు, మీకూ తెలియాలనే ఈ లేఖ.

"ర్యాంకెంత?" అనే ప్రశ్నతోనే మొదలుపెడతాను. వినడానికి మామూలు పలకరింపే. ఎంసెట్, జేఈఈ, నీట్, ఇప్పుడు పీజీ ఎంట్రెన్స్, దేనికైనా ఇదే ప్రశ్న. ర్యాంకు చెప్పగానే అవతలివాళ్ళ మొహంలో లెక్కలు కనిపిస్తాయి, ఈ ర్యాంకుకి ఈ సీటు ఎలా వచ్చిందా అని. రెండు క్షణాల తర్వాత "ఓహ్, ఓకే" అంటారు. ఆ "ఓకే" తర్వాత గ్రూప్ ప్రాజెక్టులో మనల్ని ఎవరు కలుపుకుంటారో, ఎవరు కలుపుకోరో తేలిపోతుంది. నేనేదో ఊహించుకుంటున్నానని మీకు అనిపించొచ్చు. 2023 ఫిబ్రవరి 12న ఐఐటీ బాంబేలో దర్శన్ సోలంకి అనే మొదటి సంవత్సరం దళిత విద్యార్థి చనిపోయాడు. కుల వివక్షే కారణమని కుటుంబం అంది, దానికి ఆధారాలు లేవని సంస్థ వేసిన కమిటీ అంది. కానీ అదే ఏడాది అదే ఐఐటీ, తోటి విద్యార్థుల జేఈఈ ర్యాంకు గానీ గేట్ స్కోరు గానీ అడగడం తగదని, అది కులం తెలుసుకోవడానికి అడిగినట్టే ఉంటుందని విద్యార్థులకు సూచనలు ఇచ్చింది. అంటే ఆ ప్రశ్న దేనికో వాళ్ళకీ తెలుసన్న మాటే కదండీ. ఆ సూచన ఒక్క ఐఐటీ గోడల దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

డిగ్రీలో ఉండగా ఒక రోజు క్లాసు మధ్యలో ఆఫీసు నుంచి అటెండర్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. సార్ పాఠం ఆపి ఆ కాగితం చూసి, "ఎస్సీలు, ఎస్టీలు ఒకసారి లేచి నిలబడండమ్మా, మీ రీయింబర్స్‌మెంట్ వేలిముద్రలు పెండింగ్ ఉన్నాయంట" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, మాకు బాగా పాఠం చెప్పినవారిలో ఒకరు. మేము లేచాం. వెనక బెంచీల్లో ఎవరో చిన్నగా నవ్వారు. నా పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం లేవలేదు, పుస్తకంలోకి చూస్తూ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. లంచ్‌లో ఒక్కతే ఆఫీసుకి వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చింది. ఆ తర్వాత నాతో కూర్చోవడం మానేసింది, నా పక్కన కూర్చుంటే తన కులం కూడా తెలిసిపోతుందేమో అని. నా మీద కోపం కాదని నాకు తెలుసు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

మంత్రి గారూ, క్లాసులో అలా కులం పేరు పిలవకూడదని, రిజర్వేషన్ వాళ్ళని విడిగా ఎత్తి చూపకూడదని 2012లోనే యూజీసీ (మీ శాఖ కింద యూనివర్సిటీలను, కాలేజీలను చూసే సంస్థ) నిబంధనల్లో స్పష్టంగా రాశారు. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలని కూడా వాటిలోనే ఉంది. నేను ఆ నిబంధనలు చదివింది పీజీకి వచ్చాకే, అది కూడా ఒక సెమినార్ పేపర్ కోసం. మూడేళ్ళ డిగ్రీలో ఆ అధికారి ఎవరో, అలాంటి కుర్చీ ఒకటి ఉంటుందనైనా మాకు ఎవరూ చెప్పలేదు. మా సార్‌కీ తెలియదనే నా నమ్మకం.

ఆడపిల్లల హాస్టల్ సంగతి కూడా ఇంతే. మా హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకి వేసేవారు. లైబ్రరీ ఎనిమిదింటి దాకా తెరిచే ఉండేది, అబ్బాయిల హాస్టల్‌కి గేటు టైమ్ అంటూ లేదు. పరీక్షలప్పుడు రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని రాసుకోవాలి. ఆరింటికి మేము బ్యాగులు సర్దుకుని లేస్తుంటే అబ్బాయిలు టీ తాగొచ్చి కూర్చునేవారు. అడిగితే "మీ సేఫ్టీ కోసమేనమ్మా, రేపు ఏమన్నా అయితే మీ అమ్మానాన్నలకి ఎవరు జవాబు చెప్తారు" అనేవారు వార్డెన్ మేడమ్. మా అమ్మకి కూడా ఆ మాటే నచ్చింది, అది వేరే సంగతి. కానీ 2016లో గెజిట్‌లో వచ్చిన యూజీసీ లైంగిక వేధింపుల నిరోధక నిబంధనల్లోనే, భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళలో అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదని ఉంది. 2022లో కోజికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి హాస్టల్ గేటు మీద పోరాడి కేరళ హైకోర్టు దాకా వెళ్తే, అమ్మాయిల్నే ఎందుకు లోపల పెట్టి తాళం వేస్తున్నారని న్యాయమూర్తి అడిగారు, ఆ రాష్ట్ర ప్రభుత్వం టైమ్ ఇద్దరికీ ఒకేలా చేస్తూ ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. మీ సంస్థ ఎప్పుడో రాసి పెట్టిన నిబంధన కోసం మెడిసిన్ చదివే ఆడపిల్లలు కోర్టు మెట్లు ఎక్కాలా?

ఇప్పుడు నాతో చదువుతున్న మణిపూర్ అమ్మాయి గురించి కూడా చెప్పాలి. పేరు రాయను. బస్టాపులో నిలబడితే "చింకీ" అంటారు, "మోమో" అంటారు, పాస్‌పోర్ట్ ఉందా అని అడిగినవాళ్ళు ఉన్నారు. గది అద్దెకి వెతుక్కుంటే మీ వంటల వాసన మాకు పడదు అంటూ మొహం మీదే తలుపు వేశారు. ఆ మాట నాకు కొత్త కాదు, మా వాళ్ళు టౌన్‌లో ఇల్లు అడిగితే కూడా ముందు వంటింటి గురించే అడుగుతారు. ఆ రోజు మేమిద్దరం చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. తన మొహం చూసి, నా ఇంటిపేరు విని, ఊళ్ళో మా ఇల్లు ఏ వైపు అని ఆరా తీసి, మొత్తానికి ఇద్దర్నీ పెట్టాల్సిన చోట పెడుతున్నారు. ఆమెది జాతి, నాది కులం, ఇద్దరం ఆడవాళ్ళం. ఫిర్యాదు చేద్దామంటే ఏ ఫారంలో ఏ గడిలో టిక్కు పెట్టాలో కూడా తెలియదు.

అరుణాచల్ విద్యార్థి నిడో తానియా 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో తన జుట్టుని గేలి చేసినవాళ్ళకి ఎదురు తిరిగితే కొట్టారు, మర్నాడు చనిపోయాడు. కేంద్రం బెజ్‌బారువా కమిటీ వేసింది, జాతి దూషణని నేరం చేస్తూ చట్టంలో విడిగా సెక్షన్లు పెట్టమని ఆ కమిటీ అదే ఏడాది చెప్పింది. ఆ సెక్షన్లు పాత ఐపీసీలో రాలేదు, 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ రాలేదు. 2025 డిసెంబర్‌లో డెహ్రాడూన్‌లో త్రిపుర విద్యార్థి ఏంజెల్ చక్మా కత్తిపోట్లతో చనిపోయాడు. జాతి పేరుతో దూషించారని కుటుంబం అంటోంది, జాతి వివక్ష కోణం లేదని పోలీసులు అన్నారు. నిజం కోర్టులో తేలాలి. కానీ ఆ వార్త చూసిన రాత్రి నా స్నేహితురాలు వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసి "ఎవరేమన్నా తిరిగి మాట్లాడకు" అని చెప్పడం నేను విన్నాను. అతను బెంగళూరులో చదువుతున్నాడు.

ఇక ఆ సున్నా దగ్గరికి వస్తాను. ఒక విద్యార్థి ఫిర్యాదు ఎందుకు చెయ్యడో ఒక్కసారి మా వైపు నుంచి చూడండి. ఫిర్యాదు ఇవ్వాల్సింది ప్రిన్సిపాల్‌కో, హెచ్‌ఓడీకో. ఇంటర్నల్ మార్కులు వాళ్ళ చేతిలో ఉంటాయి. అటెండెన్స్ వాళ్ళ చేతిలో. కాండక్ట్ సర్టిఫికెట్, టీసీ వాళ్ళ ఆఫీసులో. రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి లేట్ అయితే సర్టిఫికెట్లు ఆపేది కూడా అదే ఆఫీసు, కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలు, అంటే ఫిర్యాదు చేసే అవసరం ఎక్కువ ఉన్న పిల్లలే, ఆ కౌంటర్ ముందు అందరికన్నా ఎక్కువగా చేతులు కట్టుకుని నిలబడాలి. పీహెచ్‌డీ వాళ్ళకైతే గైడ్ ఒక్క సంతకం ఆపితే ఏడాది పోతుంది. ఇంటికి ఫోన్ చేస్తే "ఎందుకు బిడ్డా గొడవలు, కోర్సు అయ్యేదాక ఓర్చుకో" అంటారు. ఓర్చుకుంటాం. సంవత్సరం చివర కాలేజీ "నిల్" అని రాస్తుంది.

యూజీసీ లెక్కల ప్రకారం కుల వివక్ష ఫిర్యాదులు 2019-20లో 173, 2023-24లో 378. రెట్టింపు దాటాయని అందరూ మాట్లాడారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించింది ఇంకోటి. ఈ లెక్క ఇచ్చినవి 704 యూనివర్సిటీలు, 1,553 కాలేజీలు. మీ శాఖ సర్వే ప్రకారమే 2021-22లో దేశంలో 45 వేలకు పైగా కాలేజీలు, 4 కోట్ల 33 లక్షల మంది విద్యార్థులు ఉన్నారు. మిగతా కాలేజీల్లో ఏం జరుగుతోంది? అక్కడ ఎవరినీ క్లాసులో లేపి నిలబెట్టడం లేదా?

మా నగరంలోనే సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థి రోహిత్ వేములని, మరో నలుగురిని హాస్టల్ నుంచి బయటికి పంపితే క్యాంపస్‌లో టెంట్ వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. రోహిత్ ఫెలోషిప్ డబ్బులు ఏడు నెలలుగా ఆగి ఉన్నాయి. 2016 జనవరి 17న అతను చనిపోయాడు. 2019 మేలో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ. ఆ ఇద్దరి తల్లులు, రాధిక వేముల గారు, అబేదా తడ్వీ గారు, కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు, వాళ్ళ పిల్లలకు ఎలాగూ పనికిరాని నిబంధనల కోసం. ఆ కేసు నడిచి నడిచి 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. కులమే కాదు, మతం, జాతి, జెండర్, పుట్టిన చోటు, వైకల్యం, అన్నీ అందులో ఉన్నాయి. వాటిని చదివినప్పుడు నేనూ మా మణిపూర్ అమ్మాయీ ఒకే కాగితంలో ఇద్దరం కనిపించామని ఎంత సంబరపడ్డామో. అదే నెల 29న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, మళ్ళీ ఉత్తర్వులు ఇచ్చేదాకా 2012 నిబంధనలే నడుస్తాయంది.

ఈ నిబంధనలతో తమ మీద తప్పుడు ఫిర్యాదులు వస్తాయన్న, స్టే కోరినవాళ్ళ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. మా క్లాసులో ఒక ఓసీ అబ్బాయి, వాళ్ళ నాన్న గుడిలో వంట చేస్తారు, ఫీజుకి నాకంటే ఎక్కువ ఇబ్బంది పడతాడు. "నా మీద ఎవరైనా అబద్ధపు కంప్లైంట్ ఇస్తే నా తరఫున ఎవరుంటారు" అని నన్ను నిజంగా టెన్షన్‌తో అడిగాడు. అతనికి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత మీదే. ఇద్దరి మాటా విని, ఎందుకు ఆ నిర్ణయానికి వచ్చారో కారణాలతో రాసి ఇచ్చే విచారణ, పై స్థాయిలో అప్పీలు, ఇవి పక్కాగా ఉంటే అతనికీ రక్షణే, నాకూ రక్షణే. అతన్ని కూడా పేదవాడని, పల్లెటూరి ఇంగ్లిష్ అని ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు, దానికీ చోటు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అతని భయం తీర్చడానికి నా తలుపు మొత్తం మూసెయ్యకండి. నిబంధనల్లో మాటలు అస్పష్టంగా ఉన్నాయని కోర్టు అంటే ఆ మాటలు సరిచేసి, గట్టిగా నిలబడి వాదించాల్సింది మీ ప్రభుత్వమే.

కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. 2012, 2016 నిబంధనలకు ఏ స్టే లేదు. వివక్ష నిరోధక అధికారి పేరు, ఫోన్ నంబరు అడ్మిషన్ ఫారంతో పాటే, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకి అర్థమయ్యేలా తెలుగులో ఇప్పించండి. ఫిర్యాదు ప్రిన్సిపాల్ గదిలోంచి కాకుండా నేరుగా బయటికి, మా మార్కులతో సంబంధం లేని మనిషికి వెళ్ళే దారి పెట్టండి. స్కాలర్‌షిప్ విషయాలు ఎవరికి వాళ్ళకి ఫోన్‌కి మెసేజ్ పంపొచ్చు, క్లాసులో లేపాల్సిన పని లేదు, దీనికి రూపాయి ఖర్చు కూడా కాదు. హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారో అమ్మాయిలదీ అబ్బాయిలదీ పక్కపక్కన కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టించండి, తేడా ఉంటే కారణం రాయమనండి. ఏ కాలేజీలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, ఎన్ని రోజుల్లో తేల్చారు అనేది ఏటా అందరికీ కనిపించేలా బయటపెట్టండి.

ఏ కాలేజీ అయినా వరసగా సున్నా రాసి పంపితే మాత్రం మీ అధికారిని ముందు చెప్పకుండా పంపండి. ప్రిన్సిపాల్ గదికి కాకుండా నేరుగా క్యాంటీన్‌కి, లేడీస్ హాస్టల్ మెస్‌కి వెళ్ళి, అక్కడున్న పిల్లల్ని "మీకు అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకుంటారు" అని అడగమనండి. వాళ్ళు ఒక మనిషి పేరు చెప్పలేకపోతే ఆ సున్నాని లెక్కలోంచి తీసెయ్యండి. మొదట మా డిగ్రీ కాలేజీ లాంటి జిల్లా కాలేజీలకే పంపండి, పెద్ద యూనివర్సిటీల్లో కనీసం సంఘాలు ఉన్నాయి, ధర్నా చేస్తే టీవీవాళ్ళు వస్తారు.

ఈ లేఖకి మీ కార్యాలయం నుంచి జవాబు వస్తే, అది ఏ భాషలో ఉన్నా సరే, మా డిపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డు మీద నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఎం.ఏ. విద్యార్థిని,
హైదరాబాద్