చెరువు కట్ట కింద బర్రె

సంపాదకులు గారికి,

పోయిన వారం మా ఊరి చెరువు కట్ట కింద ఒక బర్రె చచ్చి పడింది. దారిన పోయేవాళ్లంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ పోయారు, నేను మాత్రం (ఇంట్లో తిట్లు తింటూనే) రోజూ వెళ్లి చూశాను. మొదటి రోజే ఆకుపచ్చగా మెరిసే ఈగలు కళ్ల దగ్గర, ముక్కు దగ్గర గుడ్లు పెట్టాయి. మూడో రోజుకు పొట్ట డోలులా ఉబ్బింది, లోపలి సూక్ష్మజీవులు వదిలే గ్యాస్ అది. తర్వాత తెల్లటి పురుగులు, కుక్కలు. రాబందు ఒక్కటీ రాలేదు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది, 2006లో పశువులకు వాడకుండా నిషేధించేసరికే చాలావరకు పోయాయి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద ఆమధ్య కొన్ని కనిపించడమే మనకు గొప్ప. చివరికి ఎవరో టైర్లు వేసి తగలబెట్టారు, ఆ పొగ కంటే కుళ్లు వాసనే నయం. లోతుగా గొయ్యి తీసి పూడ్చడానికి అధికారులు ఒక్క జేసీబీ పంపలేరా?

– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా