కండోములు లెక్కపెడుతున్నారు, దెబ్బలు ఎవరు లెక్కపెడతారు? – ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. టీఐ ప్రాజెక్టు (సెక్స్ వర్కర్ల లాంటి ముప్పు ఎక్కువున్నవాళ్లకి హెచ్‌ఐవీ సోకకుండా చేసే పని) అంటే ఏమిటో, ఫీల్డులో మేం ఏం చేస్తామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎంతమందిని కలిశాం, ఎన్ని కండోములు పంచాం, ఎంతమందికి రక్తపరీక్ష చేయించాం అన్న అంకెలు రివ్యూల్లో మీ ముందుకు వస్తూనే ఉంటాయి. టార్గెట్ కాస్త తగ్గితే మాకు ఫోన్ కూడా వస్తుంది. ఆ అంకెల పక్కన ఉండాల్సిన ఇంకో అంకె గురించి అర్జీలు రాసి రాసి విసుగొచ్చింది. అందుకే ఇలా నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో హైవే మీద సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్లు నాకు బాగా తెలుసు. వాళ్లలో ఒకావిడ సంగతి చెబుతాను. ఒక రాత్రి గస్తీ జీపు ఆగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌ను బానెట్ మీద బోర్లించారు. దువ్వెన, చిల్లర, ఫోను, మేం ఇచ్చిన కండోముల స్ట్రిప్పులు పడ్డాయి. "ఇన్నెందుకే నీకు?" అని నవ్వుకున్నారు. లాఠీతో రెండు తగిలించి, కేసు రాస్తామని బెదిరించి, ఉన్న డబ్బులు తీసుకుని పంపేశారు. ఆ రోజు నుంచి ఆవిడ బ్యాగులో ఒక్కటి కూడా ఉంచుకోవడం లేదు. క్యారీబ్యాగులో చుట్టి కల్వర్టు పక్కన రాయి కింద దాస్తోంది. మే నెల ఎండలో ఆ ప్యాకెట్లు ఏమవుతాయో డాక్టర్లను అడగండి. కస్టమర్ లారీ దిగడు, ఎక్కమని తొందరపెడతాడు. "కల్వర్టు దాకా ఎల్లొస్తానంటే ఆగుతాడేటక్కా?" అంది ఆవిడ. నా దగ్గర సమాధానం లేదు. మా రిజిస్టర్‌లో మాత్రం ఆవిడకు ఆ నెల కండోములు ఇచ్చినట్టే ఉంది, సంతకంతో సహా. మీ రివ్యూలో అది నూటికి నూరు శాతం.

2017 హెచ్‌ఐవీ చట్టం 22వ సెక్షన్‌లో సెక్స్ వర్కర్‌కి కండోములు ఇచ్చినవాళ్ల మీదా, తీసుకున్నవాళ్ల మీదా ఏ కేసూ ఉండదని ఉదాహరణతో సహా రాశారు. కండోములను నేరానికి సాక్ష్యంగా చూడకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ ఉత్తర్వు జిరాక్సు మా పీర్ల (సెక్స్ వర్కర్లలోంచే వచ్చి మాతో పనిచేసేవాళ్ల) బ్యాగుల్లో ఉంటుంది. చూపిస్తే పోలీసులు "ఏటి, లాయరమ్మవా?" అంటున్నారు.

దెబ్బలకీ హెచ్‌ఐవీకీ ఏం సంబంధమని ఒక మీటింగులో ఓ పెద్ద అధికారి అడిగారు. నిజంగా తెలియకే అడిగారని అనుకుంటున్నాను. కర్ణాటకలో సెక్స్ వర్కర్ల మధ్య చేసిన సర్వే ఫలితాలు 2010లోనే అచ్చయ్యాయి. దెబ్బలు, అత్యాచారం ఎదుర్కొన్న ఆడవాళ్లలో కండోమ్ వాడకం తక్కువగా, గనేరియా అనే సుఖవ్యాధి ఎక్కువగా కనిపించాయి. హింసను అడ్డుకోవడం కూడా ప్రాజెక్టు పనిలో భాగం చేశాక అక్కడ హింస తగ్గింది. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పరిశోధకులు లెక్కగట్టి చూపించారు: సెక్స్ వర్కర్ల మీద లైంగిక హింస ఒక్కటి ఆగితే చాలు, పదేళ్లలో వాళ్లకీ, వాళ్ల కస్టమర్లకీ వచ్చే కొత్త హెచ్‌ఐవీ ఇన్‌ఫెక్షన్లు కెన్యాలో 17 శాతం, కెనడాలో 20 శాతం తప్పుతాయని. దానికి కొత్త మందు అక్కర్లేదు, కొత్త మిషన్ అక్కర్లేదు. కొట్టడం ఆగాలి, అంతే.

ఎంతమంది దెబ్బలు తింటున్నారో సర్వే చేసి ఆ లెక్క మన జిల్లాలోనూ తీద్దామనే మేం అడిగింది. తప్పకుండా చేద్దామని, మా పీర్లనే సర్వేయర్లుగా పెడదామని అధికారులు నిండు మీటింగులో మాటిచ్చారు. టీ తాగి వచ్చాం. తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తులేదు. సోమవారం అర్జీల్లో పెడితే కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. ఎవరు పరిష్కరించారో చెబితే వెళ్లి దండం పెట్టుకుంటాం సార్! సంతృప్తి చెందారా లేదా, నంబరు నొక్కండి అని రికార్డు గొంతు కూడా పలికింది. లేదనే నొక్కాను. మళ్లీ అదే మెసేజ్.

ఇంకొకామె గురించి ఇక్కడ రాయాలో వద్దో అని చాలా ఆలోచించాను. ఒక్కడే అని చెప్పి తీసుకెళ్లారు, అక్కడ ఇంకొంతమంది ఉన్నారు. కండోమ్ మాటెత్తితే చెంప పగిలింది. తెల్లారి ఆసుపత్రికెళితే స్టేషన్ కాగితం తెమ్మన్నారు. స్టేషన్లో "నీ పనే అది కదా" అన్నారు. ఇలాంటప్పుడు హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు. మొదలుపెట్టాక 28 రోజులు వాడాలి. ఇది మీ శాఖ మాకు ట్రైనింగులో నేర్పిందే. ఆమె నా దగ్గరికి వచ్చేసరికి నాలుగో రోజు దాటిపోయింది. రిపోర్టు ఏం వచ్చిందో రాయను, అది ఆమె సొంత విషయం. అత్యాచార బాధితురాలికి ముందు ఉచితంగా వైద్యం చేసి, తర్వాత పోలీసులకు చెప్పాలన్నది చట్టం. ఏ ఆసుపత్రి అయినా సరే. ఆ ముక్క రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకి ఎవరైనా చెప్పారా?

పోలీసుల సంగతి హోం శాఖ చూసుకోవాలి అంటారేమో. నిజమే. కేబినెట్‌లో మీరిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు కదా సార్, ఆ నాలుగు మాటలు అక్కడ మాట్లాడుకోండి. మమ్మల్ని ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి తిప్పకండి.

మేం అడిగేది పెద్దదేం కాదు. చేయిస్తామన్న సర్వే చేయించండి. దెబ్బలు తిన్నవాళ్ల లెక్క కూడా కండోముల లెక్క పక్కనే ప్రతి రివ్యూలో అడగండి. లెక్క తగ్గకపోతే, టార్గెట్ తగ్గితే మాకు చేసినట్టే, సంబంధిత వాళ్లకి కూడా ఫోన్ చేయండి. రాత్రిపూట కూడా క్యాజువాలిటీలో ఆ మందు ఉండాలి, కాగితం అడక్కుండా ఇవ్వాలి. సర్వే మాత్రం మర్చిపోవద్దు.

సర్వేకి వచ్చేవాళ్లకి ఒక మాట ముందే చెప్పండి. పగలు ఏసీ హాల్లో మీటింగు పెడితే మా వాళ్లెవరూ రారు. రాత్రి పది దాటాక హైవే మీదికి రావాలి. పోలీసు జీపు వెంటేసుకుని మాత్రం రావొద్దు.

ఇట్లు,
ఒక ఔట్‌రీచ్ వర్కర్,
శ్రీకాకుళం జిల్లా

(పేరు ఎందుకు రాయలేదో మీకు తెలుసు.)