మంత్రి గారూ, మా ఊరి బెల్టు షాపు రాజకీయం కాకపోతే మరి ఏంది?

తెలంగాణ ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి నమస్కారం సార్.

నేను దేవరకొండ దిక్కు ఒక చిన్న ఊరి నుంచి రాస్తున్న. పద్నాలుగేండ్ల సంది మహిళా సంఘంల ఉన్న, మధ్యల మూడేండ్లు లీడర్‌గ చేసిన. ఏ పార్టీ కండువా నేను కప్పుకోలే. మా ఆయనది ఒక పార్టీ, మా మరిదిది ఇంకో పార్టీ, ఇద్దరూ మంచోళ్లే. కానీ ఈ లెటర్ల అడిగే మాట ఇద్దరి పార్టీలకూ తగులుతది, అందుకే అందరూ చదివేటట్టు రాస్తున్న.

2025 డిసెంబర్‌ల సర్పంచ్ ఎన్నికలప్పుడు జరిగింది చెప్త. సంఘంలకెళ్లి మేము ఆరుగురం ఆడోళ్లం ఒక తెల్లకాయితం మీద నాలుగు లైన్లు రాసుకున్నం, గెలిస్తే ఊర్ల బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుంట మందు అమ్మే కొట్టు, నడవనియ్యం అని, కింద సంతకం పెట్టమని. ఓట్లు అడగనీకి వచ్చిన ప్రతి క్యాండిడేట్ ముందల ఆ కాయితం పెట్టినం. సర్పంచ్ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండయి గానీ ఎవల ఎనుక ఏ పార్టీ ఉన్నదో ఊర్ల చిన్న పోరనికి కూడ ఎరుకే. ఒకాయన, అక్కా ఇది పైన లీడర్లు చూసుకునే పని, నా చేతిల లేదు అన్నడు. ఇంకొకాయన కాయితం రెండుసార్లు చదివి, ఇది మంచీ చెడ్డా విషయమమ్మా, ఎవల ఇంట్ల వాళ్లు చెప్పుకోవాలె, దీన్ని రాజకీయంలకు గుంజొద్దు అన్నడు. ఎవ్వరూ సంతకం పెట్టలే.

ఆ రెండో మాట నన్ను ఇప్పటికీ నిద్ర పోనిస్తలేదు సార్. రాజకీయంలకు గుంజొద్దంట. మరి ఆ పోలింగుకు రెండు రోజుల ముందు మా వాడకట్టుల ఇంటింటికీ ఏం పంచిండ్రో మేము చూసినం కద, అదే సీసా. పోలింగుకు ముందు సంది అది అయిపోయేదాక మందు అమ్మొద్దని చట్టమే ఉన్నది, అంటే ఓటుకూ సీసాకూ సంబంధం ఉన్నదని చట్టమే ఒప్పుకున్నట్టు. ఓటు కొననీకి పనికొచ్చినప్పుడు అది రాజకీయం, ఆడోళ్లు బంద్ చెయ్యమని అడిగినప్పుడు అది ఇంటి ముచ్చట, ఇదెట్ల కుదురుతది?

మా ఊరి షాపు ఎట్లుంటదో మీకు తెల్వాలె. బయటికి అది కిరాణం కొట్టు, ముందల ఉప్పు, పప్పు, సబ్బులు. ఎనుక అర్రల ఫ్రిజ్. లైసెన్సు ఉన్న వైన్ షాపు పొద్దుగాల పదింటికి తెరుస్తరు, ఈడ మాత్రం ఆరు గంటలకే, కైకిలికి పోయేటోళ్లు పత్తి చేన్లకు పోకముందే, క్వార్టర్ మీద ముప్పై రూపాయలు ఎక్కువ ఇచ్చి తాగి పోతరు. బడి పక్కన కాలువల ఖాళీ క్వార్టర్ సీసాలు, ప్లాస్టిక్ గిలాసలు. మా గల్లీల నాలుగో తరగతి పిలగాడు ఒకడు బడి ఇడిచినంక ఒక సంచి పట్టుకొని ఆ సీసాలు ఏరుతడు, పాత సామాన్ల బండాయనకు ఏసి బిస్కెట్ పాకెట్ కొనుక్కుంటడు. ఒకరోజు నేను చూస్తుండంగనే అందుల ఒక సీసకు తన నాయిన పేరు పెట్టి, ఇది మా నాయిన తాగింది పెద్దమ్మా, మూత మీద పన్ను గాటు ఉన్నది చూడు అన్నడు. నాకు ఏం మాట్లాడాల్నో తెల్వలే. వాని తల్లి మా సంఘంల మెంబర్, ఆమె కిస్తు మూడు నెలల సంది మేము తలా ఇంత ఏసుకొని కడుతున్నం.

కంప్లైంట్ ఇచ్చినం. ఎక్సైజోళ్లు వచ్చిండ్రు, నాలుగు సీసాలు పట్టుకపోయిండ్రు, వారం తిరగకముందే మళ్ల ఫ్రిజ్ నిండింది. రాష్ట్రంల లైసెన్సు వైన్ షాపులు 2,620. అప్లికేషన్ పెట్టుకొనుడికే 3 లక్షలు, లక్కీ డ్రాల రాకపోతే ఆ పైసలు వాపస్ రావు. అంత పెట్టినోడు సరుకు ఊర్లకు పంపకుంట ఉంటడా? సీసా మీద మీ శాఖ హోలోగ్రామ్ స్టిక్కర్ ఉంటది, నంబర్ ఉంటది, అది ఏ షాపుకు పోయిన సరుకో కనిపెట్టుడు మీ శాఖకు చేతగాని పని కాదు. కిరాణం కొట్టాయన మీద కేసు పెట్టి, ఆయనకు సరుకు ఇచ్చినోన్ని ఇడిచిపెట్టుడే జరుగుతున్నది.

నీతి సంగతులు పార్టీలకు ఎందుకు అనేటోళ్లు మన జిల్లా చరిత్ర మర్చిపోయినట్టున్నరు. 1931ల, నిజాం రాజ్యంల తెలుగోళ్లు పెట్టుకున్న సంఘం ఆంధ్ర మహాసభ రెండో సభ మా దేవరకొండలనే పెట్టిండ్రు, బూర్గుల రామకృష్ణారావు గారు అధ్యక్షులు. అప్పట్ల వెట్టి చేసుడు అంటే ఆచారం, దొరకు బాంచన్ అనుడు అంటే మర్యాద. అది తప్పు అన్నోళ్లు సంఘం కట్టిండ్రు, ఆ సంఘమే పోరాటం అయ్యింది, 1952ల అదే నల్గొండ నుంచి ఆ పోరాట లీడర్ రావి నారాయణరెడ్డి గారిని దేశమంతా మాట్లాడుకునేటంత మెజారిటీతోని పార్లమెంటుకు పంపింది. వెట్టి ఇంటి ముచ్చట అని ఆనాడు ఇడిచిపెడితే నేను ఈ రోజు కూసొని ఈ లెటర్ రాసేదాన్నా? మళ్ల 1996ల, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినోళ్ల ఊర్లు సాగునీళ్లు, తాగునీళ్లు అడిగి అడిగి యాష్టకొచ్చి నల్గొండ లోక్‌సభకు 480 మంది పోటీల నిలబడితే, బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క అయ్యింది, పోలింగే ఎనుకకు జరపాల్సొచ్చింది. మర్రిగూడ, నాంపల్లి దిక్కు వంగిన నడుములు కూడ అప్పటిదాక వాళ్ల వాళ్ల ఇండ్ల ఖర్మనే.

సారా సంగతి మీకు నాకన్న బాగ తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటల 1992ల చదువు నేర్చుకున్న ఆడోళ్లు మొదలుపెట్టింది, 1993ల సారా బంద్ అయ్యింది, 1994 ఎన్నికలల్ల ఎన్టీఆర్ గారు మద్యం నిషేధం మాట ఇచ్చి గెలిచి 1995 జనవరిల తెచ్చిండు, 1997ల ఎత్తేసిండ్రు. ఎందుకు నిలవలేదో కూడ మాకు ఎరుకే, ఖజానాల పైసలు తక్కువైనయి, పక్క రాష్ట్రాల సరుకు దొంగతనంగ వచ్చింది, ఊర్లల్ల గుడుంబా కాసిండ్రు. అందుకే మేము మొత్తం నిషేధం అడుగుతలేము. చట్టంల లేని షాపు ఊర్ల వద్దు అంటున్నం, అంతే.

ఒక్క భయం మాత్రం నాకూ ఉన్నది. నీతి పార్టీల చేతికిస్తే రేపు ఎవల ఇంట్ల ఏం తినాలె, ఎవలు ఎవల్ని చేసుకోవాలె అని కూడ వాళ్లే చెప్తరేమో అని. మిర్యాలగూడల 2018ల కులం దాటి పెండ్లి చేసుకున్నడని ఒక పిల్లగాన్ని అందరు చూస్తుండంగ నరికిండ్రు, గర్భంతోని ఉన్న భార్య పక్కనే ఉన్నది. 2025 మార్చిల నల్గొండ కోర్టు శిక్షలు ఏసింది. ఆ చంపించినోళ్లు కూడ పరువు, నీతి అనే మాటనే వాడిండ్రు సార్. కాబట్టి నేను అనేది, ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకుంటే అది వాళ్ల ఇష్టం, దాంట్ల ఏ పార్టీకీ పని లేదు. కానీ వాళ్లను చంపుతరు అన్నప్పుడు అన్ని పార్టీలకూ పని ఉన్నది, కులపోళ్ల ఓట్లు పోతయని నోరు మూసుకొని కూసుంటే కుదరదు. దెబ్బ ఎవలకు తాకుతున్నదో చూస్తే చాలు, ఏది ఇంటిదో ఏది ఊరిదో తెలుస్తది.

సర్కారు ఇసొంటి పని చెయ్యలేదని కూడ కాదు. 2014ల కల్యాణలక్ష్మి పెట్టినప్పుడు పిల్లకు 18 ఏండ్లు నిండాలె అని షరతు పెట్టిండ్రు. మా పక్క తండాల పదో తరగతి కాంగనే పెండ్లి చేసేటోళ్లు ఆ షరతు చూసి రెండేండ్లు ఆగిండ్రు, ఆ రెండేండ్లల్ల ఒక పిల్ల ఇంటర్ పాసయ్యి నర్సింగ్‌ల చేరింది. ఒక ఎమ్మెల్యే మనసు మంచిదైతే ఏం జరుగుతదో కూడ చూసినం, మునుగోడుల బెల్టు షాపులు వద్దని ఎమ్మెల్యే గారు గట్టిగ నిలబడ్డరు. సంతోషమే, కానీ నియోజకవర్గం గీత దాటి ఇటు దిక్కు వస్తే మా ఎమ్మెల్యే అట్ల అనాల్నని ఏమున్నది? ఒక మనిషి మంచితనం మీద నడిస్తే ఆయన ఉన్నన్ని రోజులే. పార్టీ తన మాటగ చెప్పి, తప్పితే తన లీడర్‌నే సస్పెండ్ చేస్తనంటేనే మాసొంటి ఊర్లకు చేరుతది.

ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు ఎప్పుడొచ్చినా పార్టీ గుర్తుల మీదనే జరుగుతయి, పైన లీడర్లు చూసుకుంటరు అని తప్పించుకోనీకి అప్పుడు జాగ ఉండదు. మీ పార్టీ టికెట్ కాయితం, బీ-ఫారం, ఇచ్చేటప్పుడే బెల్టు షాపు నడిపేటోనికి, నడిపిచ్చేటోనికి ఇయ్యమని చెప్పుండ్రి. మా ఊర్ల పట్టుకపోయిన ఆ నాలుగు సీసాలు ఏ షాపుయో మీ శాఖతోని తేల్చి చెప్పించుండ్రి. ఆ తెల్లకాయితం మా సంఘం రిజిస్టర్‌లనే మడత పెట్టి ఉన్నది సార్, కింద సంతకం జాగ ఇంకా ఖాళీగనే ఉన్నది. మీ క్యాండిడేట్‌ను ఒక పెన్ను ఇచ్చి పంపండి.

ఇట్లు,
దేవరకొండ దిక్కు ఒక ఊరి మహిళా సంఘం మెంబర్